చమఖండి అమ్మాయి ఎక్స్‌రే

పళ్లను జరిపే పని మీద ముప్పై ఏళ్లకు పైగా బతికాను. ఇప్పుడు అదే పని చేస్తున్న కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు ఫోను చేసి, "సార్, లేజరు పెడితే పళ్లు నిజంగా త్వరగా జరుగుతాయా?" అని అడుగుతుంటారు. జరుగుతాయో లేదో తేల్చి చెప్పేంత తెలివి నాకు లేదు. తెలుసనుకున్న రోజుల్లో నేను ఏం చేశానో మాత్రం బాగా గుర్తుంది. అది ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి, "పుస్తకాలు తిరగెయ్యండి బాబూ" అని పెట్టేస్తుంటాను. వాళ్లేమో ముసలాయనకి ఓపిక తగ్గింది అనుకుంటారు. ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఆ రోజుల్లో ఉండి ఉంటే ఇది రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ముందు కొంచెం పాఠం చెప్పాలి. విసుక్కోకండి, ఒక్క పేరాయే. పన్ను ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. తీగ కట్టి దాన్ని ఒక వైపు లాగితే, ఆ వైపున ఎముకను తినేసే కణాలు చేరి దారి చేస్తాయి. వెనక వైపున ఎముకను కట్టే కణాలు చేరి ఖాళీని పూడుస్తాయి. తినేవీ కట్టేవీ సమంగా పనిచేసినంత కాలం పన్ను క్షేమంగా జరుగుతుంది. లాగే బలం మితిమీరితే తినేవాటిదే రాజ్యం. అవి ఎముకతో ఆగవు, పంటి వేరును కూడా తినేస్తాయి. అందుకే లాగే బలాన్ని చిన్న గేజుతో గ్రాముల్లో కొలుస్తాం, మధ్య మధ్య ఎక్స్‌రే తీసి వేళ్లు ఎలా ఉన్నాయో చూసుకుంటాం. ఇక లేజరు సంగతి. చిగుళ్ల మీద సన్నని వెలుగు కాసేపు పెడితే ఈ కణాలు హుషారవుతాయని, పని త్వరగా అవుతుందని, నొప్పి కూడా తగ్గుతుందని అప్పట్లో వ్యాసాలు వస్తుండేవి. వేడి కూడా తగలని, కంటికి కనిపించని వెలుగు అది. కనిపించదు కాబట్టి దాని పేరు మీద ఏం చెప్పినా చెల్లింది.

ఒడిశాలో బరంపురం శివార్లలోని ఒక ప్రైవేటు దంత కళాశాలలో నేను పనిచేసేవాణ్ని. మా విభాగానికి ఆ యంత్రం వచ్చినప్పుడు నాకు నలభై ఏడు. విభాగాధిపతికి తనిఖీల ముందు చూపించడానికి ఒక పరిశోధన కావాలి. నాకు పేరు కావాలి. ఇద్దరి అవసరమూ ఒకటే కాబట్టి పని చకచకా మొదలైంది. ఏర్పాటు చాలా తేలిక. ఎత్తుపళ్లు ఉన్న వాళ్లను కొందరిని తీసుకోవడం, ప్రతి ఒక్కరికీ కుడివైపు లేజరు పెట్టడం, ఎడమవైపు పెట్టకపోవడం. ఏ వైపు పన్ను ఎంత జరిగిందో కొలుచుకుంటే సరి. ఒకే నోరు, ఒకే మనిషి, రెండు వైపులు. ఇంతకన్నా నిజాయితీగా ఏముంటుంది అని నేనే మురిసిపోయాను.

ఆ కొందరిలో ఒక అమ్మాయి ఛత్రపురం దగ్గర చమఖండి నుంచి వచ్చింది. ఇరవై రెండేళ్లు ఉంటాయి. తండ్రి పడవ మీద వేటకు వెళ్తాడు, తల్లి ఎండుచేప అమ్ముతుంది. ఈ పిల్ల బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో పని చేస్తోంది. పై పళ్లు బాగా ముందుకు ఉండి, పెదవులు మూసుకునేవి కావు. కుర్చీలో కూర్చోగానే చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. పళ్ల డాక్టరు ముందు కూడా చెయ్యి అడ్డం పెట్టుకునే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

"ఏటి నీ బాధ?" అని మా యాసలోనే అడిగాను. మా నాన్న రైల్వే గూడ్సు గుమాస్తాగా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆ మాట వినగానే పిల్ల చెయ్యి కిందికి దించింది.

"సీర నా వొంటి మీద ఏసి గిరాకీకి సూపించాల బాబూ. ముందు నిలబడే ఆడపిల్లలది ఆ పని. నా పళ్లు సూసి ఓనరు నన్ను ఎనక గదిలో మడతలెట్టమన్నాడు. వొచ్చే ఏడు దసరాకి కొత్త సోరూము తెరుస్తారంట. అప్పటికి పళ్లు లోపలికెల్తే ముందుకి రమ్మన్నాడు."

"వచ్చే ఏడు దసరాకా? ఇంకా పద్నాలుగు నెలలే ఉంది."

"సాలదేటి?"

మామూలుగా అయితే రెండేళ్లు పడుతుంది. చాలదు అని చెప్పి పంపేయాల్సింది. నేను బల్ల మీద ఉన్న లేజరు యంత్రం వైపు చూశాను. "చూద్దాం. కొత్త పద్ధతి ఒకటి ఉంది" అన్నాను. పిల్ల నా కాళ్లకు దణ్ణం పెట్టబోయింది. కేసు షీటు నింపుతూ అలవాటుగా, "పొగాకు ఏమైనా వాడతావా?" అని అడిగాను. "సీ, నేదు బాబూ" అంది. నేదు అని రాసుకున్నాను. ఇలాంటి పిల్లలు ఎందుకు వాడతారు అని కూడా అనుకున్నట్టు గుర్తు.

కుడివైపు లేజరు, ఎడమవైపు ఉత్తది. మూడు వారాలకు ఒకసారి బస్సులో వచ్చేది. రెండో నెల కొలిస్తే కుడివైపు కోరపన్ను నేను ఊహించిన దానికన్నా ఎక్కువ జరిగింది. నా ఆనందానికి హద్దు లేదు. ఎడమవైపు కొలిచాను. అది కూడా అంతే జరిగింది.

ఇక్కడ ఆగాలి. తెలివైన వాళ్లు ఎవరైనా ఇక్కడ ఆగుతారు. వెలుగు పెట్టిన పన్నూ పెట్టని పన్నూ ఒకేలా పరుగెత్తుతుంటే, పరుగెత్తిస్తున్నది వెలుగు కాదని మూడో తరగతి పిల్లాడు కూడా చెప్పగలడు. ఎక్స్‌రే విభాగం మేడమ్ అదే అడిగింది. భంజనగర్ మనిషి. నెమ్మది. ఒక మాట మాట్లాడితే రెండోది మర్నాడు మాట్లాడుతుంది. ఒడియాలోనే అడిగింది.

"సార్, ఎడమవైపు లేజరు పెట్టలేదు కదా. అదెలా జరిగింది?"

"అంగిలిలోంచి వెలుగు అటువైపుకి కూడా పాకుతోంది మేడమ్. ఇది మనం అనుకున్న దానికన్నా శక్తిమంతం" అన్నాను. ఆ మాట పుట్టడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఆవిడ అమ్మాయి ముందుపన్నును చూపుడువేలితో మెల్లగా తాకి చూసింది. "జరుగుతున్నాయో, వదులవుతున్నాయో... థరే ఎక్స్‌రే దెఖంతు సార్" అంది. ఒకసారి ఎక్స్‌రే చూడండి అని. ఆరో నెలలో ఎలాగూ తీయాల్సిన ఎక్స్‌రే అది. ఆరో నెల వచ్చినా తీయించలేదు. కేసు ఇంత బాగా నడుస్తుంటే మధ్యలో పిల్లకి అనవసరంగా రేడియేషన్ ఎందుకు అన్నాను. అసలు కారణం వేరు. కళాశాలకు వచ్చిన పదేళ్లలో నా పని గురించి ఎవరూ గొప్పగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలకు అడ్డం వచ్చేది ఏదీ నాకు చూడాలని లేదు.

దసరా దగ్గర పడుతోంది. కోరపళ్లు వెనక్కి వెళ్లాయి, ఇక ముందరి నాలుగు పళ్లను లోపలికి లాగాలి. ఎముక ఇంత సులువుగా దారి ఇస్తోంది కదా అని గట్టి స్ప్రింగులు వేశాను. గేజు తీయలేదు. ఇన్నేళ్ల అనుభవం, నా వేళ్లకే తెలుస్తుంది అని పక్కన ఉన్నవాళ్లతో అనేవాణ్ని కూడా. బిగించిన ప్రతిసారీ లేజరు పెట్టి, "నొప్పి లేదు కదా?" అని అడిగేవాణ్ని. "నేదు బాబూ" అనేది. నొప్పి అన్న గడిలో సున్నా వేసుకునేవాణ్ని. సున్నాల వరస చూడముచ్చటగా ఉండేది.

ఆ వేసవిలో గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో మా పళ్ల డాక్టర్ల సదస్సు జరిగింది. అమ్మాయి ఫొటోలు, ముందూ తర్వాతా, పక్కపక్కన పెట్టి చూపించాను. హాలంతా చప్పట్లు. ఎవరో లేచి ఎడమవైపు సంగతి అడిగారు. అంగిలిలోంచి వెలుగు పాకుతోంది అన్నాను. ఇద్దరు ముగ్గురు అది రాసుకున్నారు. ఆ రాసుకున్న కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయో, ఎవరి నోళ్లలో ఏం చేశాయో నాకు తెలీదు. అది తలుచుకున్నప్పుడల్లా సిగ్గేస్తుంది.

దసరాకి నెల రోజులు ఉందనగా అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు రావలసిన రోజు కాదు. దుకాణం వాళ్లు కొత్త షోరూముకి ముందరి పిల్లల పేర్లు రాసుకున్నారని, అందులో తన పేరు ఉందని ముందు ఆ మాట చెప్పింది. తర్వాత, "బాబూ, మాటాడితే పళ్లు ఊగుతన్నాయి" అంది.

నేను వేలు పెట్టాను. పై ముందుపళ్లు నాలుగూ వేలి కింద కదిలాయి. జరగడం కాదు, కదలడం. ఆ తేడా నా వేలికి ఆ క్షణంలో తెలిసింది. వేళ్లకే గేజు ఉందన్నవాణ్ని కదా.

ఎక్స్‌రే మేడమే స్వయంగా తీసింది. తెర మీద చూపించింది. పంటి వేళ్లు సగానికి పైగా కరిగిపోయి, మొండిగా ఉన్నాయి. చుట్టూ ఉండాల్సిన ఎముక పైపైకి తరిగిపోయింది. నాలుగు పళ్లూ చిగురు పట్టుకుని నిలబడి ఉన్నాయంతే.

నేను తిరిగి గదిలోకి వచ్చేసరికి తల్లి మొలలోంచి చిన్న డబ్బా తీసి కూతురికి అందిస్తోంది. "సలుపు తగ్గుతాది, కాస్తంత రాసుకో" అంటోంది. మూత తీయగానే గదంతా వాసన. బెల్లపు పాకంలో పొగాకు కలిపి నూరిన నల్లటి ముద్ద. గుడాఖు.

"ఇది ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"సిన్నప్పట్నించీ బాబూ. పొద్దున ఒకసారి. తీగ కట్టినాక నాలుగైదు సార్లు. బిగించిన రోజైతే సిగుళ్లకి ఎట్టుకునే పడుకుంటాను."

"పొగాకు వాడనన్నావు కదమ్మా."

"గుడాఖు పొగాకేటి బాబూ? పళ్లు తోముకునీది గదా."

"మరి నొప్పి లేదని ప్రతిసారీ చెప్పావు. నొప్పి లేకపోతే ఇదెందుకు?"

అమ్మాయి తల వంచుకుంది. "మీరు ఆ లైటు ఎట్టి, నొప్పి నేదు గదా అని అడిగీవోరు. నేదంటే మీ మొకం ఎలిగిపోయీది. ఉందని ఎలాగ సెప్పీది?"

మా అమ్మ గుడాఖు రాసుకునేది. రైల్వే క్వార్టర్సు వెనక వరండాలో, అన్నాలయ్యాక, చూపుడువేలి మీద వేసుకుని. ఆ వాసనలో ఆవిడ పక్కన పడుకుని నిద్రపోయినవాణ్ని. అదే వాసన పదమూడు నెలలుగా ఈ పిల్ల నోటి నుంచి నా మొహానికి జానెడు దూరంలో వస్తూనే ఉంది. ఇంట్లో వాసన కాబట్టి నా ముక్కు దాన్ని లెక్కచేయలేదు. మాస్కు ఉంది కదా అనే సాకు చెప్పను. పైగా ఈ జిల్లాలో ఏ ఆడమనిషినైనా "పొగాకు వాడతావా" అని అడిగితే లేదనే అంటుంది, "గుడాఖు రాస్తావా" అని అడగాలి. ఢిల్లీ నుంచి వచ్చిన డాక్టరుకి అది తెలియకపోవచ్చు. నాకు తెలియాలి. నేను ఈ ఊళ్లో పుట్టాను.

ఇప్పుడు అసలు మాట. ఆ పిల్ల పళ్లను ఎవరు తిన్నారు? గుడాఖు చిగుళ్లను పాడు చేస్తుంది, ఎముకను కరిగిస్తుంది, అందులో అబద్ధం లేదు. వెలుగు పెట్టని వైపు కూడా పన్ను పరుగెత్తింది అందుకే. ఆ ఎముక మీద నేను కొలవకుండా బలం వేశాను. తీయాల్సిన ఎక్స్‌రే తీయలేదు. ఆరో నెలలో తీసి ఉంటే అక్కడే ఆపేసేవాణ్ని, వేళ్లు దక్కేవి. ఇంత గుడాఖుది, ఇంత నాది అని విడదీసి చెప్పే యంత్రం ఏదీ లేదు. లేదు కనకే నాకు సులువైంది.

విభాగాధిపతి సినిమా కథ విన్నట్టు అంతా విని, "పేషెంటు అలవాటు దాచిపెట్టింది. అలాగే రాసెయ్యి" అన్నాడు. రాశాను. నా చేతిరాతతోనే రాశాను. వేసిన బలం అన్న గడి ఖాళీగా ఉంది. ఎవరూ ఆ గడి వైపు చూడలేదు.

తర్వాత గదిలోకి వచ్చి అమ్మాయితో, "గుడాఖు వల్ల ఇలా అయిందమ్మా. పళ్లు నిలబడవు" అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. తల్లి ఏడ్చింది. పిల్ల మాత్రం డబ్బా వైపు చూసి, "అయితే నా సేతులారా నానే సేసుకున్నానన్నమాట" అంది.

కాదు అనాలి. నీ ఒక్కదానిదే కాదు, నాది కూడా అనాలి. పది మాటలు కూడా అక్కర్లేదు. నేను తీగ విప్పే కటింగ్ ప్లయర్ కోసం ట్రేలో వెతుకుతూ నిలబడ్డాను. అది ఎదురుగానే ఉంది.

నాలుగు పళ్లూ తీసేశారు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల ప్లేటు ఒకటి చేయించి ఇచ్చాం. దసరా ముందు షోరూము తెరిచారు. మా ఆవిడతో చీర కొనడానికి వెళ్లాల్సి వచ్చి వెళ్లాను. ముందు నిలబడ్డ అమ్మాయిల్లో ఆ పిల్ల లేదు. వెనక గదిలో ఉందా అని అడగలేదు. మా ఆవిడ ఎంచిన మొదటి చీరకే సరే అని బయటికి వచ్చేశాను.

పరిశోధనలో మిగిలిన వాళ్లను పిలిచి ఈసారి గుడాఖు అనే మాటతోనే అడిగాను. కొందరు ఔననే అన్నారు, నవ్వుతూ, పళ్లు తోముకుంటామా అని అడిగినట్టు. దాంతో నా కొలతలన్నీ గాలికి పోయాయి. ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రచురించలేదు, అంతవరకు మంచివాణ్నే. గోపాల్‌పూర్‌లో చప్పట్లు కొట్టిన వాళ్లకు మాత్రం ఒక్కరికీ ఉత్తరం ముక్క రాయలేదు.

ఆ తర్వాత నేను చేసింది వింటే మీకు నవ్వొస్తుంది. గుడాఖు మీద ఊరూరా ప్రచారం మొదలుపెట్టాను. కొడల, భంజనగర్, ఇంకా చిన్న చిన్న ఊళ్లు, బళ్లు, మహిళా సంఘాలు. మంచి పనే. ఎంతోమంది మానేశారు కూడా. ఆ అమ్మాయి ఎక్స్‌రేనే తెర మీద వేసి, "ఒక ఆడపిల్ల ఉండేది..." అని మొదలుపెట్టేవాణ్ని. పేరు చెప్పేవాణ్ని కాదు. బలం సంగతీ చెప్పేవాణ్ని కాదు. నన్ను గుడాఖు డాక్టరు అని పిలవడం మొదలైంది, రెండు మూడు చోట్ల శాలువాలు కూడా కప్పారు. ఎక్స్‌రే మేడమ్ ఒకసారి కొడల శిబిరానికి తోడు వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "సార్, గేజు సంగతి ఎప్పుడు చెబుతారు?" అని అడిగింది. పల్లెటూరి వాళ్లకి ఆ సాంకేతిక విషయాలు ఎందుకు మేడమ్ అన్నాను. ఇంకెప్పుడూ ఆవిడ నాతో శిబిరానికి రాలేదు. నాతో మాట్లాడటం మానలేదు, కానీ సార్ అని పిలవడం మానేసింది.

మీలో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు ఒక మాట. లేజరు వాడండి, వాడకండి, అది మీ ఇష్టం. గేజు వాడండి. ఎక్స్‌రే తీయండి. పని బాగా నడుస్తున్నప్పుడు తప్పకుండా తీయండి. పేషెంటు నొప్పి లేదన్నప్పుడు మీ మొహం ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. ఇంతవరకు చెప్పడం తేలికే, ఏ పాఠంలోనైనా ఉంటుంది. మిగిలింది కూడా చెప్పేస్తాను.

నాలుగేళ్ల తర్వాత చమఖండిలో శిబిరం పెట్టారు. నేను వద్దనలేకపోయాను. తుపాను షెల్టరు కింది హాల్లో చాపలు పరిచి, అరవై డెబ్భై మంది ఆడవాళ్లను కూర్చోబెట్టారు. ఆ పిల్ల పెళ్లయి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా ఎక్స్‌రే తీసి పక్కన పెట్టలేదు. అది లేకుండా మాట్లాడటం అప్పటికి నాకు చేతకాదు.

తెర మీద బొమ్మ పడింది. "ఒక ఆడపిల్ల ఉండేది" అన్నాను. మూడో వరసలోంచి ఒక మనిషి లేచి నిలబడింది. చంకలో ఏడాది పాప. కొంచెం లావైంది. నేను గుర్తుపట్టడానికి ముందే ఆవిడ నవ్వింది, ఆ నాలుగు కట్టుడు పళ్లూ నేను రంగు ఎంచినవే.

పాపను పక్కనున్న మనిషికి ఇచ్చి, ఎవరూ పిలవకుండానే ముందుకు వచ్చింది. "ఈ బొమ్మ నాదే" అంది ఆడవాళ్లతో. నోట్లోంచి ప్లేటు తీసి అరచేతిలో పెట్టి, అందరికీ కనిపించేలా చెయ్యి చాపింది. ముందుపళ్లు లేని నోటితో మాటలు గాలిగా వచ్చాయి. అయినా ఒక్కటీ పోకుండా వినిపించాయి.

"సూడండి. డాక్టరుబాబు పద్నాలుగు నెలలు నన్ను కన్నకూతురులాగ సూసినారు. ఆయన తప్పేటీ నేదు. గుడాఖు రాసుకుని నా పళ్లు నానే పోగొట్టుకున్నాను. నా బతుకు నానే సెడగొట్టుకున్నాను. మీరు ఒగ్గీయండి. మీ పిల్లలకి ముట్టనీకండి."

వెనక ఒక ముసలామె లేచి వెళ్లి, మొలలోని డబ్బా కిటికీలోంచి బయటికి విసిరేసింది. ఇంకొకామె కూడా. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. నేను మాట్లాడిన ఏ ఊళ్లోనూ అలాంటి చప్పట్లు వినలేదు.

ఆవిడ ప్లేటును కొంగుతో తుడుచుకుని నా వైపు తిరిగింది. పని సరిగ్గా చేశానా లేదా అని కనుక్కునే పిల్లలాగే అడిగింది.

"సరిగ్గా సెప్పినానా బాబూ?"

అందరూ నన్నే చూస్తున్నారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు మళ్లీ దొరకదని ఆ క్షణంలోనే తెలుసు.

"సరిగ్గా చెప్పావమ్మా" అన్నాను.

ఆవిడ వెళ్లి పాపను తీసుకుని కూర్చుంది. నేను తర్వాతి బొమ్మ వేసి, బ్రష్షు ఎలా పట్టుకోవాలో చెప్పాను.